నాగిరెడ్డి, డీవీ, సీపీ: 1969లో విడిగా నిలబడ్డ ఆ పార్టీ ఎందుకు చీలింది?

అనంత చదువరి:
అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా. 1952లో తరిమెల నాగిరెడ్డి గారు జైల్లో ఉంటూనే మద్రాసు శాసనసభకు పోటీ చేసి, సొంత బావ నీలం సంజీవరెడ్డిని ఓడించిన సంగతి మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1957లో ఎంపీ అయ్యారు, తర్వాత మళ్లీ ఎమ్మెల్యే. 1969 దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరిని అడిగినా రెండు ముక్కల్లో తేల్చేస్తారు: సీపీఎం వదిలేశారు, నక్సలైటు అయ్యారు.

కానీ ఆయన నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ పార్టీలో చేరలేదు. దేవులపల్లి వెంకటేశ్వరరావు (డీవీ), చండ్ర పుల్లారెడ్డి (సీపీ), కొల్లా వెంకయ్య గార్లతో కలిసి వేరే కమిటీ పెట్టుకున్నారు. ఎందుకు చేరలేదు? రెండేళ్లు గడిచాయో లేదో, వాళ్లలో వాళ్లే మళ్లీ ఎందుకు చీలారు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. తిట్లు వద్దు, పొగడ్తలూ వద్దు.

పాత కాగితాలు:
ముందు వరస చెప్తాను. వాదన తర్వాత చేసుకుందాం.

1967 మేలో పశ్చిమ బెంగాల్‌లో నక్సల్బరీ రైతు తిరుగుబాటు. అదే ఏడాది అక్టోబర్ 31న శ్రీకాకుళం జిల్లా లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపి కోరన్న, మంగన్న అనే గిరిజనులను చంపారు. ఆ కోపం ఇంకా చల్లారకముందే, 1968 జనవరిలో సీపీఎం రాష్ట్ర ప్లీనం (విస్తృత సమావేశం) పాలకొల్లులో జరిగింది. కేంద్ర కమిటీ పంపిన సైద్ధాంతిక ముసాయిదాను అక్కడ మెజారిటీ తిరస్కరించింది. ఏప్రిల్‌లో బర్ద్వాన్‌లో జరిగిన అఖిల భారత ప్లీనంలో మాత్రం ఆంధ్ర వాదన ఓడిపోయింది. జూన్ వచ్చేసరికి ఈ నలుగురూ పార్టీ బయట ఉన్నారు.

ఇక్కడొకటి గుర్తుంచుకోవాలి. వీళ్లది పుట్టుకతో చిన్న గుంపు కాదు. సుందరయ్య, బసవపున్నయ్య లాంటి అఖిల భారత నాయకులు ఈ రాష్ట్రం వాళ్లే. అయినా సీపీఎం కార్యకర్తల్లో చాలా పెద్ద భాగం నాగిరెడ్డి వైపు వచ్చేసింది. సీపీఎం బలంగా ఉన్న మరే రాష్ట్రంలోనూ దానికి ఆ స్థాయి దెబ్బ తగల్లేదు. కాబట్టి అంత పెద్దది ఎలా చిన్నదైపోయింది అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న.

1968 అక్టోబర్‌లో ఈ నలుగురి ఆంధ్ర కమిటీ, అఖిల భారత విప్లవకారుల సమన్వయ కమిటీలో చేరింది. 1969 ఫిబ్రవరి 7న ఆ కమిటీ వీళ్లతో సంబంధం తెంచుకుంది. ఏప్రిల్‌లో వీళ్లు ఆంధ్రప్రదేశ్ విప్లవ కమ్యూనిస్టు కమిటీగా ఏర్పడి తక్షణ కార్యక్రమం ఆమోదించారు. ఆ నెల 22నే చారు మజుందార్ వైపు సీపీఐ (ఎంఎల్) పుట్టింది. మే 1న కలకత్తా మైదానంలో కానూ సన్యాల్ దాన్ని బహిరంగంగా ప్రకటించారు.

కేఎస్‌ఆర్:
నేను ఆ రోజుల్లో సీపీఎంలోనే ఉండిపోయిన కుటుంబం నుంచి వచ్చాను, ముందే చెప్పేస్తున్నా. మా ఇంట్లో నాగిరెడ్డి గారంటే గౌరవం తగ్గలేదు. కానీ ఆ నిర్ణయం మీద బాధ ఇప్పటికీ ఉంది. ఊరూరా ఉన్న రైతు సంఘాలు, కూలీ సంఘాలు రెండు ముక్కలయ్యాయి. ఒకే ఊళ్లో నిన్నటిదాకా ఒకే జెండా కింద నడిచినవాళ్లు ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాళ్లు. చీలిక వల్ల ఎవరు బాగుపడ్డారు? భూస్వాములే కదా. సమన్వయ కమిటీలో చేరి నాలుగు నెలలకే బయటపడ్డారంటే, ఆ పొత్తు కూడా ఆలోచించి చేసింది కాదనే అనిపిస్తుంది.

విజయవాడ రవి:
కేఎస్‌ఆర్ గారూ, మీ బాధ అర్థమవుతుంది. కానీ ఆ నాలుగు నెలల్లో జరిగింది తొందరపాటు కాదు, నిజమైన తగువు.

సమన్వయ కమిటీ వీళ్ల మీద పెట్టిన ఆరోపణలు ముఖ్యంగా మూడు. చైనా పార్టీ పట్ల విధేయత సరిపోలేదన్నారు. శ్రీకాకుళం గిరిజన పోరాటానికి గట్టిగా నిలబడలేదన్నారు. ఎన్నికల బహిష్కరణను పూర్తిగా ఒప్పుకోలేదన్నారు. మూడోది ముఖ్యం. బహిష్కరణ అన్నది పరిస్థితిని బట్టి తీసుకునే ఎత్తుగడే తప్ప ఎల్లకాలానికీ పట్టుకోవాల్సిన సూత్రం కాదని ఆంధ్ర కమిటీ వాదించింది. నాగిరెడ్డి గారు ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసింది 1969 మార్చిలో. అంటే వాళ్లు వెళ్లగొట్టిన తర్వాత, తమ కమిటీ నిర్ణయంగా. ఒకరి ఒత్తిడికి లొంగి చేసింది కాదు.

ఈ మూడింటి కన్నా లోతైనది ఇంకోటి ఉంది. చారు మజుందార్ చెప్పింది వర్గశత్రు నిర్మూలన. చిన్న రహస్య దళం ఒక భూస్వామిని చంపితే జనంలో భయం పోతుంది, ఊరు లేస్తుంది అని ఆయన నమ్మకం. ప్రజాసంఘాలు అక్కర్లేదు అనే దాకా ఆ మాట వెళ్లింది. ఆంధ్ర కమిటీ దీన్ని ఒప్పుకోలేదు. ముందు జనం సంఘంగా కూడాలి, భూమి ఆక్రమించాలి, పంట కోసుకోవాలి. దాన్ని లాక్కోవడానికి భూస్వామి, పోలీసు వస్తారు. అప్పుడు కాపాడుకోవడానికి ఆయుధం. వ్యక్తుల్ని చంపుతూ పోతే జనం చూసేవాళ్లుగా మిగిలిపోతారు, చేసేవాళ్లు కారు.

ఇది పుస్తకాల్లోంచి వచ్చిన మాట కాదు. డీవీ గారు 1946–51 తెలంగాణ సాయుధ పోరాటం నడిపిన నాయకుల్లో ఒకరు. వెట్టిచాకిరీ మీద, లెవీ ధాన్యం మీద సంఘం గొడవపడి, ఊరు కట్టుగా నిలబడ్డాకే అక్కడ గుతపలు పోయి తుపాకులు వచ్చాయి. ఆ అనుభవం ఉన్న మనిషి కలకత్తా నుంచి వచ్చే ఆదేశాన్ని ఎలా ఒప్పుకుంటారు?

కేఎస్‌ఆర్:
సరే, ఆ మాట ఒప్పుకుంటా. నిర్మూలన పంథా వల్ల శ్రీకాకుళంలో ఏం జరిగిందో అందరం చూశాం. 1970 జూలైలో అక్కడి నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టార్లు చనిపోవడంతో ఉద్యమం నడుం విరిగింది. కానీ మరి సరైన దారి తెలిసిన ఈ కమిటీ ఎందుకు నిలబడలేదు? అంతకు ముందే, 1969 డిసెంబర్‌లో నాగిరెడ్డి, డీవీ మద్రాసులో దొరికిపోయారు కదా.

గోదావరి లోయ:
దీనికి నేను జవాబు రాస్తాను. మాది ఇల్లెందు వైపు. మా నాన్న, చిన్నాన్న ఇద్దరూ సంఘంలో పనిచేశారు. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కాగితం మీద ‘ముందు భూమి, తర్వాత ఆయుధం’ అని రాయడం తేలిక. అడవిలో ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడుంది? ఖమ్మం, వరంగల్ అడవుల్లో కోయవాళ్లు, లంబాడీలు పోడు కొట్టుకుని బతికేవాళ్లు. పోడు కొడితే ఫారెస్టు గార్డు వస్తాడు. మామూలు ఇవ్వాలి, కోడి ఇవ్వాలి, లేకపోతే కేసు. షావుకారు ఇచ్చిన అప్పుకి పంట కళ్లంలోనే పోతుంది. తునికాకు కట్టకి కాంట్రాక్టర్ ఇచ్చే రేటు అడిగే దిక్కు లేదు. ఇలాంటి చోట సంఘం పెట్టిన మొదటి రోజే దెబ్బలాట మొదలవుతుంది. గార్డు వెంట పోలీసు, పోలీసు వెంట క్యాంపు. జనం భూమి పంచుకునే దాకా ఆగి, అప్పుడు దళం కడదాం అంటే అప్పటికి కార్యకర్త ప్రాణంతో ఉండాలి కదా.

సీపీ గారి వైపు వాదన ఇదే. దీన్నే మావాళ్లు ప్రతిఘటన అనేవాళ్లు. దళం ఊళ్ల మధ్య తిరుగుతూ జనాన్ని కూడగట్టాలి, దాడి వస్తే ఎదుర్కోవాలి. ఆయుధం మొదటి నుంచీ ఆత్మరక్షణకు ఉండాలి. భూస్వాముల్ని వెతికి చంపే పని మాత్రం కాదు. టీఎన్ (నాగిరెడ్డి), డీవీల వాదన దీనికి ఎదురు. జనం భూమి కోసం కదలకముందే దళాలు తిరుగుతున్నాయి, అంటే ఉద్యమం కన్నా ఆయుధం ముందుకెళ్లింది, తలుపు దగ్గర వద్దన్న తప్పే కిటికీలోంచి లోపలికి వస్తోంది అన్నారు.

ఒక పక్కన నాయకులు జైల్లో, ఇంకో పక్కన అడవిలో రోజూ చావులు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే వీలు లేదు. రాతపూర్వకంగా సాగిన తగువు 1971కల్లా రెండు కమిటీలుగా తేలింది. ఎవరిది తప్పు అని నన్నడిగితే, అడవిలో ఉన్నవాడికి సీపీ మాట నిజంగా కనిపించింది. మైదానంలో, జిల్లా మొత్తం చూసేవాడికి టీఎన్ మాట నిజంగా కనిపించింది. మా ఇంట్లోనే ఇద్దరు అన్నదమ్ములు దీని మీద ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదు.

విజయవాడ రవి:
గోదావరి లోయ గారూ, ఇంత బాగా చెప్పినవాళ్లని నేను చూడలేదు. ఒక్క చోట మాత్రం విభేదిస్తా. టీఎన్-డీవీ వైపు వాళ్లు అడవి తెలియక మాట్లాడలేదు. డీవీ గారికి ఆ అడవి 1950 నాటికే తెలుసు. నిజాం లొంగిపోయాక కూడా పోరాటం నడపడానికి దళాలు గోదావరి అడవుల్లోకి వెళ్లాయి, దళాలైతే మిగిలాయి గానీ మైదానంలో ఊళ్లు చేజారిపోయాయి. 1951 అక్టోబర్‌లో విరమణ దాకా జరిగింది ఆయన కళ్లతో చూశారు. మళ్లీ అదే జరగకూడదన్న పట్టుదల ఆ డాక్యుమెంట్లలో ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది.

శ్రీలత టీచర్:
చాలా రోజులుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయాలనిపించింది. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను.

మీరందరూ నాయకుల వాదనలు చెప్తున్నారు. గిరిజనులకి ఏం మిగిలింది అన్నది కూడా చూడాలి కదా. 1970లో వచ్చిన 1/70 చట్టం ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా అడ్డుకట్ట వేసింది. శ్రీకాకుళం కదలిక లేకపోతే ప్రభుత్వం ఆ తొందర చూపించేది కాదు. ఆ తర్వాత గోదావరి లోయలో ఏళ్ల తరబడి పోడు భూముల కోసం, తునికాకు రేటు కోసం జరిగిన పోరాటాలకు ఈ గ్రూపుల సంఘాలే ముందున్నాయి. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు పట్టాకి అప్లై చేసుకున్నవాళ్లలో, ఆ రోజుల్లో సంఘం అండతో పోడు కొట్టినవాళ్ల పిల్లలు ఎంతోమంది ఉంటారు. చీలికల లెక్కలో ఇది కనపడదు. చరిత్ర రాసేవాళ్లు దీన్ని వదిలేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అనంత చదువరి:
టీచర్ గారూ, మంచి మాట. రాయడం ఆపకండి. నాకింకో సందేహం. నాగిరెడ్డి గారి చివరి సంవత్సరాలు, తాకట్టులో భారతదేశం పుస్తకం, ఈ రెంటి సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

పాత కాగితాలు:
అరెస్టుల తర్వాత హైదరాబాద్ కుట్ర కేసు పెట్టారు. ఆ కోర్టులో నాగిరెడ్డి గారు ఇచ్చిన వాంగ్మూలమే ఆ పుస్తకం. ఆయన చనిపోయాక అచ్చులో వచ్చింది. ముద్దాయి తన మీద పెట్టిన కేసు గురించి మాట్లాడటం మామూలు. ఈయన దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తాన్ని కోర్టు ముందు పెట్టారు. విదేశీ అప్పులు, అమెరికా తిండిగింజలు, సోవియట్ సాయం, బహుళజాతి కంపెనీలతో కుదిరిన ఒప్పందాలు, అమలుకాని భూసంస్కరణలు, అన్నీ ప్రభుత్వ నివేదికల్లోని అంకెలతోనే. పార్లమెంటులో కూర్చున్న మనిషి కాబట్టి ఏ నివేదికలో ఏముంటుందో ఆయనకు తెలుసు. ఆ పుస్తకం చదివి రాజకీయాల్లోకి వచ్చినవాళ్లు వేరే వేరే పార్టీల్లో ఉన్నారు, అది కూడా చెప్పాలి.

1975 ఏప్రిల్‌లో టీఎన్-డీవీ కమిటీ మరికొన్ని రాష్ట్రాల గ్రూపులతో కలిసి భారత కమ్యూనిస్టు విప్లవకారుల సమైక్యతా కేంద్రం (ఎంఎల్) పెట్టింది. అందరూ యూసీసీఆర్ఐ అంటారే, అదే. జూన్‌లో ఎమర్జెన్సీ. నాగిరెడ్డి గారు అజ్ఞాతంలోకి వెళ్లారు. 1976 జూలై 28న హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో చనిపోయారు. వేరే పేరుతో చేరారు. చారు మజుందార్ కలకత్తాలో పోలీసు కస్టడీలో చనిపోయింది కూడా జూలై 28నే, 1972లో. 1969లో విడిపోయి మళ్లీ కలవని ఇద్దరికీ ఒకే రోజు సంస్మరణ సభలు జరుగుతాయి, వేరువేరు హాళ్లలో.

నాగిరెడ్డి, డీవీ, సీపీ ముగ్గురూ 1917లో పుట్టినవాళ్లే. డీవీ, సీపీ ఇద్దరూ 1984లో, నెలల తేడాతో వెళ్లిపోయారు.

కేఎస్‌ఆర్:
ఎమర్జెన్సీ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఏ పార్టీ వాళ్లమైనా ఆ కాలంలో సీపీ గ్రూపు పోగొట్టుకున్న మనుషుల్ని తలచుకోకుండా ఉండలేం. 1975 నవంబర్‌లో నీలం రామచంద్రయ్య గారిని, విద్యార్థి నాయకుడు జంపాల ప్రసాద్‌ని పోలీసులు చంపేశారు. అంతకుముందు 1972 ఏప్రిల్ 14న ఉస్మానియాలో జార్జిరెడ్డిని గూండాలు పొడిచి చంపాక, ఆయన వెంట నడిచిన పిల్లలే పీడీఎస్‌యూ అనే విద్యార్థి సంఘం కట్టారు. ఆ సంఘం సీపీ గ్రూపుకి ఊళ్లలో ఎంత బలం ఉందో, కాలేజీల్లో అంత బలం తెచ్చింది.

కానీ నా పాత ప్రశ్న అలాగే ఉంది. 1975లో సీపీ గ్రూపు బీహార్ నాయకుడు సత్యనారాయణ్ సింగ్ పార్టీతో కలిసింది, 1980లో విడిపోయింది. 1984లో సీపీ గ్రూపే చీలింది. అటు యూసీసీఆర్ఐ కూడా నాగిరెడ్డి గారి తర్వాత ఒక్కటిగా ఉండలేదు. 1988లో న్యూడెమోక్రసీ, 1992లో జనశక్తి అనే కొత్త పార్టీలు వచ్చాయి. 2013లో న్యూడెమోక్రసీ మళ్లీ రెండు. కలవడానికి పెట్టిన ప్రతి మీటింగు తర్వాతా ఇంకో పేరు పుట్టింది. కష్టపడి పనిచేసే మనుషులకి ఇలా కావడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

గోదావరి లోయ:
నిజమే సార్, దాచాల్సిందేమీ లేదు. ఊళ్లో సంఘం మనిషి సభ్యత్వ రసీదు చూపించి, ఇది ఏ గ్రూపుదో చెప్పమని అడిగే రోజులు నేను చూశాను. చీలిన ప్రతిసారీ ముందు నష్టపోయింది తునికాకు కూలీలే. రేటు మాట్లాడటానికి రెండు సంఘాలు వెళ్తే కాంట్రాక్టర్‌కి అంతకన్నా ఏం కావాలి.

అయినా ఒక పని ఆగలేదు. ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య గారు 1983లో మొదటిసారి గెలిచారు. మొత్తం ఐదుసార్లు, చివరిది 2004లో. ఎమ్మెల్యేగా ఉండి ఆర్టీసీ బస్సులో తిరిగిన మనిషి. బస్టాండులో ఎవరైనా వెళ్లి కాగితం చేతికిస్తే అక్కడే చదివేవారు. 1989లో సిరిసిల్లలో కూడా ఎంఎల్ వాళ్లు గెలిచారు. సింగరేణి గనుల్లో ఈ వైపు వాళ్ల ఐఎఫ్‌టీయూ కార్మిక యూనియన్ ఇప్పటికీ ఉంది. రవి గారు పైన చెప్పిన మాట, ఎన్నికలు ఎత్తుగడే తప్ప సూత్రం కాదన్నది, 1969లో కాగితం మీద ఉండిపోయింది. దాన్ని ఊళ్లో పెట్టి చూపించింది సీపీ గ్రూపు. టీఎన్ వైపు వాళ్లు దీన్ని ఒప్పుకోవాలి.

విజయవాడ రవి:
నిరభ్యంతరంగా ఒప్పుకుంటాను. అయితే రెండో వైపు కూడా చూడండి. గెలిచిన చోట పక్కనే అడవిలో దళాలు కూడా ఉంచారు. ఎన్‌కౌంటర్ పేరుతో పోలీసులు చంపినప్పుడు బయట ఉన్న రైతు సంఘం వాడూ, కూలీ సంఘం వాడూ కూడా బలయ్యారు. బహిరంగ పని, రహస్య పని రెండూ ఒకే ఊళ్లో ఒకేసారి నడిపితే బహిరంగ పని నలిగిపోతుందని డీవీ వైపు వాళ్లు చెప్తూనే వచ్చారు.

మహబూబ్‌నగర్ మిత్ర:
ఈ మాటకి 2004 గుర్తొస్తుంది. ఆ అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ప్రభుత్వంతో శాంతి చర్చలు జరిగినప్పుడు మావోయిస్టులతో పాటు జనశక్తి తరఫున అమర్, రియాజ్ కూర్చున్నారు. నేను అప్పుడు డిగ్రీ. టీవీ ముందు నుంచి లేవలేదు. మంత్రులకి ఎదురుగా కూర్చుని భూమి పంపిణీ గురించి మాట్లాడారు. తర్వాతి ఏడాదే రియాజ్‌ని ఎన్‌కౌంటర్‌లో చంపేశారు. చర్చలకు వచ్చి మొహం చూపించిన మనిషిని అలా చేస్తే ఇంకెవరు బయటకొస్తారు? చీలికలకు లోపలి కారణాలు ఎంత చెప్పుకున్నా, ఈ గ్రూపులు చిన్నవైపోవడంలో తుపాకి పాత్ర తక్కువ కాదు. 1969 నుంచి లెక్కేస్తే వాదన తెలిసినవాళ్లు, ఊరు తెలిసినవాళ్లు వరసగా పోతూ వచ్చారు. మిగిలినవాళ్లలో ఒకరి మాట ఇంకొకరు వినేలా చేసే పెద్దరికం లేకపోయింది.

పాత కాగితాలు:
మిత్ర గారి పాయింటుకి ఒకటి కలుపుతాను. కొండపల్లి సీతారామయ్య గారు 1980లో పీపుల్స్‌వార్ పెట్టాక, ఉత్తర తెలంగాణలో యువతరం చాలావరకు అటు పోయింది. నిర్మూలన పంథాను విమర్శించి ప్రజాసంఘాలతో మొదలుపెట్టిన పార్టీ అది. అంటే 1969లో ఆంధ్ర కమిటీ చెప్పిన విమర్శలో కొంత వాళ్లూ తీసుకున్నారు. కానీ ఆ ఘనత గానీ, ఆ మనుషులు గానీ టీఎన్, సీపీ గ్రూపులకి రాలేదు. రెండు బండల మధ్య ఇరుక్కున్నాయి ఇవి: ఒక పక్క సీపీఎం, సీపీఐల సంస్థాగత బలం, ఇంకో పక్క పీపుల్స్‌వార్ ఆకర్షణ.

అనంత చదువరి:
ఇప్పుడు నాకు చాలావరకు స్పష్టమైంది. చారు మజుందార్‌తో విడిపోయిన ప్రశ్నా, 1971లో వాళ్లలో వాళ్లు విడిపోయిన ప్రశ్నా ఒకటేనన్నమాట: జనం ఎంత కదిలితే ఆయుధం ఎంత ఉండాలి అన్నది. మొదటిసారి అందరూ ఒక వైపు ఉన్నారు, రెండోసారి ఆ గీతను ఎక్కడ గియ్యాలో కుదరలేదు.

శ్రీలత టీచర్:
అవునండీ. ఆ గీత ఎక్కడుందో అడగాల్సిన మనుషులు ఇంకా ఉన్నారు. గుండాల, బయ్యారం వైపు పోడు కేసుల్లో జైలుకెళ్లిన ఆడవాళ్లు డెబ్బై దాటి ఉంటారు. దళానికి అన్నం వండి పెట్టింది వాళ్లు. గార్డుని అడ్డుకుని ఫారెస్టు జీపు ముందు పడుకుంది వాళ్లు. సంఘం చీలినప్పుడు ఎటు వెళ్లాలో వాళ్లని ఎవరూ అడగలేదు. డాక్యుమెంట్లలో వాళ్ల మాట ఒక్కటీ లేదు. గోదావరి లోయ గారూ, మీ అమ్మగారు, చిన్నమ్మగారు ఉంటే, మీ నాన్నగారూ చిన్నాన్నగారూ మాట్లాడుకోని ఆ ఏళ్లలో ఇంట్లో ఏం జరిగిందో వాళ్లని అడిగి రాస్తారా?

గోదావరి లోయ:
అమ్మ ఉంది టీచర్ గారూ. దసరాకి వెళ్తున్నా. ఫోన్‌లో రికార్డు చేసి, ఆమె ఒప్పుకున్నంత మేరకు ఇక్కడ పెడతాను. పేర్లు మాత్రం పెట్టను, కొన్ని కేసులు ఇంకా పూర్తి కాలేదు.